కమలాపండు ఒలుచుకుంటున్న మనిషి

దానవాయిపేటలో ఒక మేడ మీద పళ్ల ఆసుపత్రి ఉందని మా బ్యాంకు క్యాషియరు గారు చెప్పారు. తొంభైల చివరి రోజులవి. నాకప్పుడు ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్లో. కింది దవడలో ఎడమవైపు పన్ను నన్ను కూర్చోనివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు. లవంగం నూనె పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, ఏదీ పనిచెయ్యలేదు. "లేడీ డాక్టరండి, చెయ్యి చాలా తేలిక" అన్నారాయన. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లాను.

మెట్లెక్కి లోపల అడుగుపెట్టగానే గోడల మీద ఫోటోలు కనబడ్డాయి. మామూలుగా పళ్ల ఆసుపత్రిలో ఏముంటాయి? పెద్ద దవడ బొమ్మ, నవ్వుతున్న పాపాయి, ఒక వెంకటేశ్వరస్వామి. ఇక్కడ అవేవీ లేవు. సన్నటి నల్ల ఫ్రేముల్లో ఆరో ఏడో నలుపు తెలుపు ఫోటోలున్నాయి. ఒక దాంట్లో ఒకాయన గిటారు మోకాలి మీద పెట్టుకుని తీగ బిగిస్తున్నాడు. ఒక దాంట్లో పాటగాడు బస్సు సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఇంకోదాంట్లో మనిషే లేడు, వేళ్లకి ప్లాస్టరు చుట్టుకున్న చేతులు మాత్రం ఉన్నాయి, పక్కన డ్రమ్ము కర్రలు.

నాకు వాళ్లందరూ తెలుసు. ఎవరు ఏ బృందంలో వాయించారో తెలుసు, ఎవరు ఎవరితో పోట్లాడి విడిపోయారో తెలుసు. పంటి నొప్పి ఎటు పోయిందో మాత్రం తెలియలేదు. దాని చోట ఇంకేదో మొదలైంది. మా అమ్మ దాన్ని కడుపుమంట అనేది. ఆ మాట ఎంత సరైనదో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది. నిజంగానే బొడ్డుకి బెత్తెడు పైన మంట పుట్టింది.

అసలు నాకీ రాక్ పాటలు ఎలా తగులుకున్నాయో చెప్పాలి. విశాఖపట్నంలో ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో షిల్లాంగ్ అమ్మాయి ఉండేది. పొద్దున్న పళ్లు తోముకునేటప్పుడు మొదలుపెట్టిన టేప్ రికార్డరు రోజంతా మోగుతూనే ఉండేది. మొదటి నెల నేను వార్డెనుతో చెప్పి గది మార్పించుకుందామనుకున్నాను. రెండో నెలలో ఒకరోజు ఒక పాటలో అడుగున మోగే బేస్ గిటారు విడిగా వినబడింది. అంతవరకూ గోలగా ఉన్నదంతా దాని చుట్టూ సర్దుకుని కూర్చుంది. వంటింట్లో ఎన్ని గిన్నెలు చప్పుడైనా ఎసరు మరుగుతున్న శబ్దం చెవికి తెలుస్తుంది చూడండి, అలాగ. చదువైపోయాక ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ క్యాసెట్ల సంచీ నాకిచ్చేసింది. "నేను మళ్లీ కొనుక్కుంటాను, మీ వైపు నీకెక్కడ దొరుకుతాయి" అంది.

నిజంగానే దొరకలేదు. పెళ్లయి రాజమండ్రి వచ్చాను, బ్యాంకులో చేరాను. మా ఆయనకి కడియంలో మొక్కల నర్సరీ. పొద్దున్నే వెళ్లి, సాయంత్రం గోళ్లలో మట్టితో, సంచీలో ఏదో ఒక మొక్కతో వచ్చే మనిషి. నేను వంట చేస్తూ పాటలు పెట్టుకుంటే "ఎవరో తరుముతున్నట్టు అరుస్తున్నాడేంటి ఆ అబ్బాయి" అనేవారు గానీ ఆపమని ఎప్పుడూ అనలేదు. బ్యాంకులో ఎవరికీ తెలియదు, చుట్టాలకీ తెలియదు. మెయిన్ రోడ్డులో క్యాసెట్ల కొట్టతను మాత్రం నేను గుమ్మంలో ఉండగానే "ఇంగ్లీషువి రాలేదండి మేడమ్" అని చెప్పేసేవాడు. ఈ ఊరు మొత్తానికి ఈ పాటలు నా ఒక్కదానివే అనుకుంటూ అన్నేళ్లు బతికాను. అందులో ఒంటరితనం ఉండేది. అంతకు మించిన గర్వమూ ఉండేది. ఆ గర్వం ఆ పూట పళ్ల ఆసుపత్రిలో కూలబడింది.

లేచి దగ్గరికి వెళ్లి చూశాను. ఫోటో కింద తెల్లటి అంచు మీద పెన్సిలుతో సన్నగా అంకెలున్నాయి. ఒకదాని మీద 42/150. ఇంకోదాని మీద 9/200. పక్కన సంతకాలు. అచ్చులో పడ్డ సంతకాలు కావవి, సిరా కాగితంలోకి ఇంకి ఉంది. ఏ చేతులు వాయించినదాన్ని నేను టేపు అరిగేదాకా విన్నానో ఆ చేతులు ఈ కాగితాన్ని తాకాయి. అది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. నాది కాదు.

"అంత దగ్గిరికెళ్లి చూస్తన్నారేంటండి" అంది కౌంటరు దగ్గర అమ్మాయి. "డాక్టరు గారికి ఆ ఫోటోలంటే పిచ్చండి. వచ్చినోళ్లందరూ అడుగుతారు, ఈళ్లు ఆవిడ చుట్టాలా అని."

డాక్టరమ్మ కుర్చీలో పడుకోబెట్టి దీపం నా ముఖం మీదికి లాగింది. నా ఈడుదే. నూనె రాసి బిగించి వేసుకున్న జడ, నుదుట చిన్న స్టిక్కరు బొట్టు. బ్యాంకులో ఎదురుపడితే రెండోసారి చూసేదాన్ని కాదు. సూది మందిచ్చి, బుగ్గలో దూది కుక్కి, దవడ మొద్దుబారేదాకా ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు మొదలుపెట్టింది.

"బయట ఫోటోలు చూశారటగా. వాళ్లెవరో మీకు తెలిసుండదు లెండి. విదేశాల్లో పాటలు పాడతారండి, రాక్ సంగీతమని."

తెలుసు అందామని నోరు కదిపాను. దూది, ఉమ్మి లాగే గొట్టం, ఆవిడ రెండు వేళ్లు. "ఆఁ" అని మాత్రం వచ్చింది.

"నొప్పిగా ఉందా? ఉండండి, ఇంకాస్త మందిస్తాను" అని ఇంకో సూది వేసింది. "గిటారు తీగ బిగిస్తున్నాడు చూడండి, ఆయన చాలా గొప్పవాడు. రెండు బృందాల్లో వాయించాడు."

రెండు కాదు. నేను ఎడంచెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించాను.

"మూడో పన్నా? అది బానే ఉందండి" అందావిడ.

అలా అరగంట. ఆవిడ వేళ్లు నా నోట్లో, ఆవిడ కబుర్లు నా చెవిలో. నేను ఏ ఒక్కదానికీ జవాబు చెప్పలేని స్థితిలో పడుకుని ఉన్నాను. చివరికి నోరు పుక్కిలించమని గ్లాసు చేతికిచ్చింది. పుక్కిలించి, మొద్దుబారిన పెదవితోనే అన్నాను. "మూడు బృందాలండి. మొదటిది పేరు రాకముందే చెదిరిపోయింది."

ఆవిడ చేతిలో ఉన్న పరికరం పళ్లెంలో పెట్టేసింది.

"మీరు వింటారా?"

"వింటాను."

గ్లవ్సు తియ్యకుండానే నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఊరొచ్చి రెండేళ్లయిందండి. మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు. ఆదివారం మా ఇంటికి రండి, తప్పకుండా రావాలి" అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగినట్టున్నాయి.

సంతోషించాల్సిన మాట. నేను చేస్తున్నదేమిటంటే, ఆవిడ భుజం మీదుగా తలుపు సందులోంచి గోడకున్న ఫోటోలు ఎన్నో లెక్కేస్తున్నాను.

వాళ్ల ఇల్లు ఆసుపత్రి పై అంతస్తులోనే. ఆవిడది జంగారెడ్డిగూడెం, పుట్టింట్లో పామాయిల్ తోటలున్నాయి. భర్త ఓడల్లో ఇంజనీరు. ఆరేడు నెలలు సముద్రం మీద ఉంటే రెండు నెలలు ఇంటి దగ్గర. పెళ్లయిన కొత్తలో ఏదో రేవులో ఓడ ఆగినప్పుడు ఆయన ఆవిడ కోసం ఒక ఫోటో కొని తెచ్చాడట. ఆ తర్వాత ఆవిడే గ్యాలరీలకి ఉత్తరాలు రాసి, ఏది ఎక్కడుందో కనుక్కుని చెప్పేది. ఓడ అటువైపు వెళ్తే ఆయన తెచ్చేవాడు.

"ఈ అంకెలేంటండి?" అని అడిగాను మొదటి ఆదివారం.

"ఫోటో తీసినాయన ఇన్నే కాపీలని ముందే అనుకుంటాడండి. దగ్గరుండి అచ్చు తీయించి, ఒక్కోదానికి నంబరు వేసి సంతకం పెడతాడు. కొన్నిటి మీద వాయించినవాళ్ల చేత కూడా పెట్టిస్తాడు. ఆ తర్వాత ఇంక తియ్యడు. లోకం మొత్తానికి అవే."

ఆ చివరి మాట నాకు ముల్లులా దిగింది. మా ఆయనకి ఒక గులాబీ నచ్చితే వంద అంట్లు కడతారు, ఎవరికి కావాలంటే వాళ్లు పట్టుకెళ్లొచ్చు. ఇది అలా కాదు. ఒకరి దగ్గర ఉందంటే ఇంకొకరికి లేనట్టే.

గోడ మీద పట్టనివి ఆవిడ బీరువా అడుగు సొరుగులో దాచింది. ఒక్కోదాని మధ్యా బటర్ పేపరు, మూలల్లో చెమ్మ పీల్చే చిన్న పొట్లాలు. గోదారి గాలికి కాగితం బతకదండి అంటూ ఒక్కొక్కటీ మంచం మీద పరుస్తూ వచ్చింది. నాలుగోదో అయిదోదో తీసేసరికి నేను మంచం మీదికి వంగాను.

స్టేజీ వెనకాల, చెక్కపెట్టె మీద ఒక బక్కపల్చటి మనిషి కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. బేస్ గిటారు గోడకి ఆనించి ఉంది. తల వంచుకుని కమలాపండు ఒలుచుకుంటున్నాడు. తొక్క తెగకుండా పొడుగ్గా కిందికి వేలాడుతోంది. హాస్టల్లో నాకు మొదటిసారి విడిగా వినబడిన గిటారు ఈయనదే. నా క్యాసెట్టు డబ్బాలోని కాగితం మడతలో ఇదే ఫోటో ఉంది, తపాలా బిళ్లంత. అందులో ఆయన చేతిలో ఉన్నదేమిటో ఇన్నేళ్లూ నాకు అర్థం కాలేదు. సిగరెట్టు పెట్టె అనుకున్నాను. ఒకోసారి పిట్టేమో అనుకున్నాను. కమలాపండని ఆరోజు తెలిసింది, వేరొకరి ఇంట్లో, వేరొకరి మంచం మీద.

కింద ఫోటో తీసినాయనదీ, ఈయనదీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. నూటయాభైలో పదకొండోది.

"ఇది గోడకి పెట్టలేదేంటండి?" అన్నాను, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ.

"ఈయన వాయించిన రికార్డు నాకంత ఎక్కలేదండి. ఓడ ఏదో రేవులో ఆగిపోతే మా ఆయన తోచక కొన్నారు. నేనడిగింది వేరేది" అని మీద బటర్ పేపరు కప్పేసి తర్వాతది తీసింది.

ఆ సాయంత్రం గోదావరి గట్టు మీదుగా ఇంటికి నడిచాను. ఆవిడ దాన్ని ప్రాణంలా చూసుకుంటూ ఉంటే ఓర్చుకుందును. అక్కరలేని మనిషి దగ్గర, చీకటి సొరుగులో పడి ఉండటం నన్ను కాల్చేసింది. ఆవిడకి ఫోటోలున్నాయి, తెచ్చిపెట్టే మొగుడున్నాడు, గోడలున్నాయి, అడగకుండానే వచ్చి పడేవి కూడా ఉన్నాయి. ఇంటికి వెళ్లేసరికి మా ఆయన ముద్దమందార మొక్కని కుండీలోకి మారుస్తున్నారు. "చూడు, మొగ్గతో ఉంది" అన్నారు. నేను చూడలేదు.

"ఏమైంది, పన్ను మళ్లీ లాగుతోందా?"

"లేదు."

"మరి ముఖం అలా పెట్టేవేంటి?"

"మీరు ఓడలో ఉద్యోగం ఎందుకు చెయ్యలేదు?"

ఆయన చేతులు కడుక్కుంటూ కాసేపు ఆలోచించారు. "గోదార్లో లాంచీ ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి గదా" అన్నారు.

ఆ ఏడాదంతా నా పళ్లు ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నాయి. ఆదివారాలు చాలక, క్లీనింగు అనీ, చల్లనీళ్లు జివ్వుమంటున్నాయనీ మధ్యలో వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ చివర్లో "ఒక్కసారి ఆ కింద సొరుగు తీస్తారా" అనేదాన్ని. ఆవిడ విసుక్కోకుండా కమలాపండు ఫోటో తీసి భోజనాల బల్ల మీద పెట్టి, నన్ను దాని ముందు వదిలేసి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయేది. ఫోటోలో ఆయన బొటనవేలి గోరు కింద తెల్లటి పీచు ఇరుక్కుని ఉంటుంది. కుడికాలి మేజోడుకి చిన్న చిల్లు. అవన్నీ నాకు ఇప్పటికీ కంఠస్థం.

దేవీచౌక్ దగ్గర ఇంటర్నెట్ సెంటరు తెరిచాక నేను సొంతంగా వేట మొదలుపెట్టాను. ఫోటో తెర మీద పైనుంచి గీత గీతగా దిగేది. ముందు జుట్టు, తర్వాత నుదురు, కళ్లు వచ్చేసరికి లైను తెగిపోయేది. గ్యాలరీ వాళ్లకి మెయిలు రాస్తే మర్యాదగా జవాబిచ్చారు. కమలాపండు ఫోటో ఒక్కటీ మిగల్లేదు, ఎవరైనా అమ్ముకుంటే తప్ప దొరకదు. అదే బృందంలో డ్రమ్మరుది, అదే రోజు అదే స్టేజీ వెనక తీసింది, ఒకటి ఉందన్నారు. అది తెప్పించుకుంటానని మా ఆయనతో చెప్పాను.

"ఎవరిది ఆ ఫోటో?"

"డ్రమ్ములు వాయించేవాడిది."

"మనకేమవుతాడు?"

"ఏమీ అవడు."

ఆయన నా ముఖంలోకి చూసి "సరే తెప్పించుకో. గాజులు వచ్చే ఏడు చేయించుకుందువులే" అన్నారు. అంత సులభంగా ఒప్పుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆయన మీద ప్రేమతోనా, ఆయన పోట్లాడి ఉంటే మానేయడానికి ఒక సాకు దొరికేదనా, ఇప్పటికీ చెప్పలేను.

వానాకాలం వెళ్లాక పొడవాటి అట్టగొట్టం పోస్టాఫీసుకి వచ్చింది. దారిలో ఎవరో విప్పి చూసి మళ్లీ టేపు చుట్టారు. ఒక మూల కాస్త మడత పడింది. అంకె నూటయాభైలో నూట నలభై ఏడు. అయినా సరే, సంతకం అసలుదే. ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టి, ఆ మరుసటి ఆదివారమే డాక్టరమ్మని భోజనానికి పిలిచాను. పులిహోర చేశాను, పనసపొట్టు కూర చేశాను. ఎందుకు పిలిచానో నాకు బాగా తెలుసు. ఆవిడ ముఖం చూడాలి.

ఆవిడ చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్లి, దూరంగా జరిగి, మళ్లీ దగ్గరికి వెళ్లి చూసింది. "ఎంత బావుందండి. ఇది నేనెప్పుడూ చూడలేదు. మీ గోడకి ఎంత నప్పిందో" అంది. నేను ఆవిడ కళ్లలో, పెదాల దగ్గర, గొంతులో వెతికాను. నాలో మండుతున్నదానిలో రవ్వంత కూడా అక్కడ లేదు. నిజంగా సంతోషించింది. పులిహోర మారు వడ్డించుకుంది.

మా ఆయన ఆరోజు కూడా నర్సరీకి వెళ్లి పెందరాళే వచ్చారు. పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, "మా ఇంటికి రావడం మొదటిసారి గదండీ" అని డాక్టరమ్మకి లిల్లీ దుంపలు వేసిన కుండీ ఒకటి ఇచ్చి, బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు. ఆవిడ ఆ కుండీ ఒళ్లో పెట్టుకుని ఆయన వెళ్లిన తలుపు వైపు చూసింది.

"రోజూ ఇలాగే వచ్చేస్తారా?"

"వస్తారండి. ఆరు, ఆరున్నర."

"రోజూనా?" అని మళ్లీ అడిగింది. తర్వాత తల వంచుకునే అంది. "గోడల మీద మనుషులు ఎంతమంది ఉంటే ఏంటండి, ఒక్కరూ అన్నం తింటారా, పలకరిస్తారా. మిమ్మల్ని చూస్తే నాకు ఒక్కోసారి ఓర్వలేనట్టుగా ఉంటుంది. ఏమీ అనుకోకండి."

ఈ మాటతో నా మంట చల్లారి ఉండాలి. ఎదుటి మనిషికి నాదేదో కావాలని తెలిశాక ఇంకేం కావాలి? చల్లారలేదు. ఆయన ఎలాగూ నావారే. ఆ ఫోటో మాత్రం ఆవిడ సొరుగులోనే ఉంది. పైగా దానికి ఇంకొకటి తోడైంది. అంత మాట ఆవిడ నా ఎదురుగా కూర్చుని, ఇంత సులువుగా పైకి అనేసింది. నేను ఇన్నాళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ ధైర్యం చూసినా నాకు కుళ్లే పుట్టింది.

తర్వాత రెండేళ్లకి ఆవిడ భర్తకి చెన్నైలో, ఓడ ఎక్కక్కర్లేని ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రి ఎత్తేస్తున్నామని ఆవిడే ఫోను చేసి చెప్పింది. వెళ్లేసరికి గోడలన్నీ ఖాళీ, ఫ్రేములున్న చోట్ల మాత్రం సున్నం తెల్లగా మిగిలి ఉంది. ఆవిడ భర్త నేల మీద కూర్చుని అట్టపెట్టెలకి టేపు వేస్తున్నాడు.

"మీకు ఒకటి ఇచ్చి వెళ్లాలని అనుకున్నామండి" అంది డాక్టరమ్మ. "ఏది కావాలో మీరే చెప్పండి."

ఈ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో. మొహమాటపడితే పోతుందని వెంటనే చెప్పేశాను. "కమలాపండుది."

టేపు చప్పుడు ఆగింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ పమిట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"అది తప్ప ఏదైనా ఇస్తానండి."

"మీకు ఆ రికార్డు ఎక్కలేదన్నారు గదా?"

"అప్పుడు ఎక్కలేదు. మీరు వచ్చినప్పుడల్లా దాన్ని బల్ల మీద పెట్టుకుని అంతసేపు చూసేవారు. మీరెళ్లాక నేనూ కూర్చుని చూసేదాన్ని, మీకేం కనబడుతోందా అని. తర్వాత ఆ రికార్డు తెప్పించుకుని విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను. ఇప్పుడు నాకు మిగతావన్నీ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు."

ఇవ్వనన్నది డబ్బు కోసమో, పంతం కోసమో అయితే నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకుందును. నా కళ్లతో చూడటం నేర్చుకుని, నా ఇష్టాన్నే పట్టుకుని, దాంతోటే నాకు లేదన్నది. తప్పుపట్టడానికి వీల్లేదు. నేనైనా ఇవ్వను.

నోరు తెరిచి నిద్రపోతున్న పాటగాణ్ణి ఇచ్చింది. తెచ్చుకుని డ్రమ్మరు పక్కన పెట్టాను. మా అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా అతని ముందు నిలబడి "పాపం, ఎలా పోయాడమ్మా" అని అడిగేది. నిద్రపోతున్నాడండి అంటే నమ్మేది కాదు. మంచి ఫోటో. తక్కువ చేసి చెప్పను. కానీ ప్రతిసారీ నా చూపు దాని పక్కన ఖాళీగా ఉన్న గోడ మీదికి పోయేది.

మరో రెండేళ్లకి బ్యాంకు వాళ్లు శిక్షణ అని చెన్నై పంపారు. డాక్టరమ్మ ఆదివారం భోజనానికి రమ్మంది. వాళ్లు అప్పుడే కొత్త ఫ్లాటులోకి మారారు, ఇంకా కొన్ని పెట్టెలు విప్పనే లేదు. హాల్లో మాత్రం ఒకే ఒక్క ఫోటో గోడకి ఉంది. వెడల్పాటి తెల్ల అంచుతో, కొత్త ఫ్రేములో, చెక్కపెట్టె మీద ఆ మనిషి. "దీన్నొక్కదాన్నే ముందు పెట్టానండి. పది రోజులు కూడా కాలేదు" అంది. నన్ను దానికి ఎదురుగా కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్లింది. భర్త ఏదో తరుగుతున్నాడు, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఆవిడ నవ్వు వినబడింది. రాజమండ్రిలో ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు నేను. అంటే ఆయన ఇప్పుడు రోజూ ఇంటికి వస్తున్నాడు, ఫోటో కూడా ఇక్కడే ఉంది. నాకున్నదీ ఆవిడకి వచ్చేసింది, నాకు లేనిదీ ఆవిడ దగ్గరే ఉంది.

అప్పుడు చూశాను. పడమటి కిటికీలోంచి ఎండ ఒక చారలాగా గోడ మీద పడి పక్కకి జరుగుతోంది. నేను వచ్చేసరికి ఫ్రేముకి ఆవల ఉంది. భోజనాలకి పిలిచేసరికి అంచు మీదికి వచ్చింది. మేం పప్పుచారు అన్నం కలుపుకుంటుంటే సంతకాల మీదికి పాకింది. మద్రాసు ఎండ. సిరా ఎన్నాళ్లు ఆగుతుంది? ఏడాది, రెండేళ్లు. ఆ వేళప్పుడు వాళ్లిద్దరూ పనుల్లో ఉంటారు, ఆదివారం తప్ప ఇంట్లో ఉండరు, గమనించరు. ఒకరోజు చూసుకునేసరికి సంతకం ఉన్న చోట పసుపుపచ్చని మరక మిగులుతుంది. నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. కూర వడ్డించుకోవడం, మజ్జిగ తాగడం, ఆటో ఎక్కడం. నాకు దక్కకపోయినా సరే, ఆవిడకీ లేకుండా పోతుంది కదా అని అనిపించింది. అనిపించిందని ఒప్పుకుంటే నష్టమేమీ లేదు.

మజ్జిగ దాకా వచ్చాం. ఎండ ఫోటోలో ఆయన చేతుల మీదికి వచ్చింది. వేలాడుతున్న తొక్క మీద పడి మెరిసింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. దాంతో ఇంక కూర్చోలేకపోయాను.

"డాక్టరు గారూ, దాన్ని అక్కడ ఉంచకండి. ఎండ తగులుతోంది."

ఆవిడ వెనక్కి తిరిగి చూసి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. "అయ్యో, నేను చూడనే లేదు" అంది. చేతులు కడుక్కుని ఇద్దరం కలిసి దించాం. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఆవిడ మేకు, సుత్తి తేవడానికి వెళ్తే ఫ్రేము నా చేతుల్లోనే ఉండిపోయింది, అద్దం నా గుండెకి ఆనుకుని. ఆవిడ భర్త వచ్చి "నాకివ్వండి, పట్టుకుంటాను" అన్నాడు. ఫర్వాలేదన్నాను. పడకగదిలోకి వెళ్లే నడవలో కిటికీ లేని గోడ ఉంది. ఎత్తు ఎంతుండాలో, దీపం ఎటునుంచి పడాలో నేనే చెప్పాను. ఆవిడ మేకు కొట్టింది. ఎడమవైపు కాస్త దించమన్నాను, దించింది.

రాజమండ్రి స్టేషన్‌కి మా ఆయన వచ్చారు. స్కూటరు మీద వస్తుంటే వెనక్కి తిరక్కుండానే అడిగారు. "ఆ ఫోటో చూశావా?"

"చూశాను."

"ఇంకా కావాలని ఉందా?"

"ఉంది."

కోటగుమ్మం దాటాక మళ్లీ అడిగారు. "మరి ఏం చేశావు?"

"ఎండలో పెట్టుకున్నారు. నీడకి మార్పించి వచ్చాను" అన్నాను.